జిల్లాలు పుడతయ్, పోతయ్. మన ఊరి పేరు ఏ కాగితంలో ఉంది?

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం రోజు ఏటూరునాగారంలో యువత ముందు మాట్లాడిన మాటలు. వినలేకపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగితే కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాను.)



నన్ను చరిత్ర గురించి మాట్లాడమన్నరు. చరిత్ర అంటే మనకు వెంటనే సమ్మక్క సారలమ్మ గుర్తొస్తరు, కొమరం భీం గుర్తొస్తడు. వాళ్ళ గురించి నాకంటే బాగా చెప్పే పెద్దలు ఈడనే ఉన్నరు. నేను ఇవ్వాళ ఒక పాత జిల్లా గురించి, ఒక పాత తాలూకా గురించి చెప్తా. రెండూ ఇప్పుడు లేవు. ఒకటి పోయి నూటయాభై ఏళ్ళు అయింది, ఒకటి పోయి నలభై ఏళ్ళు. లేని జిల్లాతోని మనకేం పని అనుకుంటున్నరు కదా. చివరిదాకా వినున్రి, మీ చేను పట్టా దగ్గరికే తీసుకొస్తా.

మా తాతను కన్న అవ్వది గోదారి అవతల, వాజేడు దిక్కు. పెండ్లయి ఇవతలకు వచ్చింది. పడవ ఎక్కింది, దిగింది, అంతే. అవతల కోయోళ్ళే, ఇవతల కోయోళ్ళే. అదే భాష, అవే గట్లు గోత్రాలు, అవే వేల్పులు, అదే డోలు. కానీ ఆ రోజుల్లో అవతల ఒడ్డు బ్రిటిషోళ్ళ మద్రాసు రాజ్యం. ఇవతల ఒడ్డు నిజాం రాజ్యం. అంటే మా అవ్వ పెండ్లి రోజు కాగితాల ప్రకారం ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యంలోకి వచ్చింది. ఆమెకు ఆ సంగతి తెల్వదు. ఆమెకు తెలిసింది ఏటి లోతు ఒక్కటే.

ఆ గీత ఎట్లా పడ్డది? ముందు అది చెప్తా.

ఓడల కోసం పుట్టిన జిల్లా

1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలను బ్రిటిషోళ్ళకు అప్పజెప్పిండు. సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి. ఆ ఊళ్ళతోని బ్రిటిషోళ్ళు ఒక కొత్త జిల్లా చేసిన్రు. పేరు ఎగువ గోదావరి జిల్లా. హెడ్‌క్వార్టర్ సిరొంచ. తర్వాత ఏడాది సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడితే అందులో కలిపిన్రు. అంటే మన గోదారి ఒడ్డున ఉన్న కోయ ఊళ్ళకు రాజధాని నాగపూర్!

ఈ అడవిలో వాళ్ళకు జిల్లా ఎందుకు? మన మీద ప్రేమతోని కాదు. ఆ రోజుల్లో బేరార్, నాగపూర్ దిక్కు పత్తి పండేది. ఆ పత్తిని ఓడల మీద గోదారి పట్టుకొని సముద్రం దాకా తీసుకపోవాలని వాళ్ళ ప్లాన్. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్‌కు ఆ ప్లాన్ మీద చాలా పట్టు. నదిలో రాళ్ళు అడ్డం వచ్చే చోట్లు ఉన్నయి. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇచ్చంపల్లి దగ్గర ఒకటి. అక్కడ కాలువలు తవ్వి, లాకులు కట్టి ఓడలు దాటించాలనుకున్నరు. ఆ పనికి ఒక ఒడ్డన్నా తమ చేతిలో ఉండాలి. కూలీలు కావాలి, కలప కావాలి, కాపలా కావాలి.

పని సాగలేదు. ఖర్చు పెరిగింది, జ్వరాలొచ్చినయి, అటు రైలు వచ్చింది. 1871లో పనులు ఆపేసిన్రు. మూడేళ్ళు తిరగకముందే, 1874లో, జిల్లాను కూడా తీసేసిన్రు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాజ్యంలోని గోదావరి జిల్లాకు ఇచ్చిన్రు. సిరొంచ దిక్కుదంతా చాందా జిల్లాకు పోయింది. అదే ఇప్పటి చంద్రపూర్. నూగూరు, ఆల్బాక, చెర్ల ఇంకో ముప్పై ఏళ్ళకు పైగా చాందాలోనే ఉండి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు దిక్కు వచ్చినయి.

పద్నాలుగేళ్ళ జిల్లా అది. మనల్ని అడిగి పెట్టలేదు, మనల్ని అడిగి తీసెయ్యలేదు. ఇచ్చంపల్లి పేరు మాత్రం ఈనాటికీ మన నెత్తి మీద తిరుగుతనే ఉంది చూడున్రి. అప్పుడు ఓడల కోసం, ఇప్పుడు నీళ్ళ కోసం.

ఇప్పుడు వాజేడు, వెంకటాపురం ఊళ్ళ లెక్క చూద్దాం. 1860 దాకా నిజాం. తర్వాత ఎగువ గోదావరి జిల్లా. 1874 నుంచి చాందా. తర్వాత మద్రాసు కింద గోదావరి ఏజెన్సీ, ఆ తర్వాత తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో తెలంగాణ. 2016లో జయశంకర్ భూపాలపల్లి. 2019లో ములుగు. ఊరు ఒక్క అడుగు కదల్లేదు. చింతచెట్టు ఆడనే ఉంది, వేల్పుల గుడి ఆడనే ఉంది. సర్కారు బోర్డు మాత్రం తొమ్మిదిసార్లు మారింది.

రెండు ఒడ్లు, రెండు చట్టాలు

గీత గీసినంక ఏమైతది? గీతకు అటు ఒక చట్టం, ఇటు ఒక చట్టం వస్తది. ఇది మన యువత బాగా గుర్తు పెట్టుకోవాలె.

అవతల ఒడ్డు 1874లో షెడ్యూల్డ్ డిస్ట్రిక్ట్స్ చట్టం కిందికి వచ్చింది. దాన్నే ఏజెన్సీ అన్నరు. మామూలు కోర్టులు కాదు, ఏజెంటు పాలన. 1917లో మద్రాసు సర్కారు ఇంకో చట్టం తెచ్చింది. ఏజెన్సీలో కొండజాతుల వాళ్ళ భూమి బయటోళ్ళకు పోవాలంటే ఏజెంటు అనుమతి ఉండాలె, లేకుంటే ఆ అమ్మకం చెల్లదు అని. ఈ చట్టం కూడా ఉత్తగనే రాలేదు. రంపలో 1879లో మన్యం లేచింది. షావుకార్ల అప్పులు, మన్సబుదారు దోపిడీ, కల్లు మీద పన్ను, వీటి మీదే ఆ కోపం. కొట్లాట జరిగిన తర్వాతే కాగితం కదిలింది.

ఇవతల ఒడ్డున నిజాం రాజ్యంలో అట్లాంటి చట్టం ఏదీ లేదు. పట్వారీ రాసిందే పహాణీ. అడివి నరికి చేను చేసింది కోయ మనిషి, పట్టా ఎక్కింది ఇంకొకరి పేరు మీద. ఉప్పు బస్తాకు, బట్ట ముక్కకు, కల్లు ముంతకు చేన్లు పోయినయి అని మా తాత చెప్పేటోడు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీంను కాల్చి చంపినంక గానీ నిజాం సర్కారుకు కళ్ళు తెరుచుకోలేదు. హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను మన ఊళ్ళకు పంపి ఎందుకిట్లయితుంది అని రిపోర్టులు రాయించుకున్నరు. దాని ఫలితంగానే ట్రైబల్ ఏరియాస్ రెగ్యులేషన్ వచ్చింది. 1949 నాటిది, ఫస్లీ లెక్కలో 1359.

మొత్తం రాష్ట్రానికి ఒకే భూబదలాయింపు చట్టం అయితే ఇంకా ఆలస్యం. 1959లో ఆంధ్ర ఏజెన్సీకి రెగ్యులేషన్ 1 వచ్చింది. తెలంగాణ ప్రాంతానికి దాన్ని 1963లో పొడిగించిన్రు. దానికి పళ్ళు పెట్టింది మాత్రం 1970లో. మనం 1/70 అని పిలుచుకునే చట్టం అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి ఆదివాసీకి తప్ప ఎవరికీ బదలాయించొద్దు, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు అన్నది దాంట్లోనే వచ్చింది. దాన్ని కొట్టెయ్యమని సుప్రీంకోర్టు దాకా పోయిన్రు. 1988లో సుప్రీంకోర్టు ఆ చట్టం సరైనదే అన్నది.

లెక్క చూడున్రి. ఒక ఒడ్డుకు 1917లో చట్టం, ఇంకో ఒడ్డుకు 1963లో. నడుమ నలభై ఆరేళ్ళు. రెండు తరాలు. అవతల చట్టం ఉన్నా భూములు పోలేదా అంటే పోయినయి. చట్టం ఒక్కటే కాపాడదు. కానీ చట్టం ఉన్న కాడ కొట్లాడటానికి కాలు పెట్టే జాగ అన్నా దొరుకుతది. లేని కాడ అది కూడా దొరకదు.

ములుగు తాలూకా ఎక్కడ బతికి ఉంది?

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. నిజాం కాలం నుంచి మన దిక్కు ఊళ్ళు చాలామట్టుకు వరంగల్ జిల్లా ములుగు తాలూకా కింద ఉండేవి. తాలూకా కచేరి, తహసీల్దారు, గిర్దావర్, ఊరికి పట్వారీ, మాలీ పటేల్, పోలీస్ పటేల్. మన పెద్దోళ్ళకు సర్కారు అంటే వీళ్ళే.

1950లో రాజ్యాంగం వచ్చింది. అయిదో షెడ్యూల్ ప్రకారం ఏ ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతమో రాష్ట్రపతి ఆర్డర్ ఇయ్యాలె. రెండు ఆర్డర్లు వచ్చినయి. మద్రాసు లాంటి రాష్ట్రాలకు జనవరి 26న ఒకటి. హైదరాబాద్ లాంటి రాష్ట్రాలకు డిసెంబర్ 7న ఇంకొకటి.

ఈ రెండు ఆర్డర్లు పక్క పక్కన పెట్టి చదవండి. అవతల ఒడ్డుకు ఒక్క మాట రాసిన్రు, తూర్పు గోదావరి ఏజెన్సీ అని. మొత్తం వచ్చేసింది, ఊరి పేర్లు రాసే పని లేదు. ఇవతల ఒడ్డుకు అట్లా కాదు. పాల్వంచ సంస్థానం అని ఒక మాట ఉంది. కానీ ములుగు తాలూకా, నర్సంపేట తాలూకా కాడికి వచ్చేసరికి ఊరు ఊరుకూ పేరు రాసిన్రు. ఒక పెద్ద జాబితా. మేడారం ఉంది. తాడ్వాయి ఉంది. పస్రా, నార్లాపూర్, దొడ్ల, లింగాల, బందాల, రాజన్నపేట ఉన్నయి. చివర్ల ములుగు తాలూకా అని ఉంది.

నిజాం దఫ్తర్ల భాష ఉర్దూ. మన ఊళ్ళ పేర్లు తెలుగు, కోయ. ఆర్డర్ రాసింది ఇంగ్లీషులో. మూడు భాషలు దాటేసరికి పేర్ల పని అయిపోయింది. తుపాకులగూడెం 'తుపాల్కల్గూడ' అయింది. కంతనపల్లి 'కంతల్‌పల్లి' అయింది. ఇట్లాంటివి చదివి మొదటిసారి నేను నవ్విన. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకో చెప్తా.

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. ములుగు తాలూకా పోయింది. రెవెన్యూ ఆఫీసుకు పోయి ములుగు తాలూకా అంటే ఇప్పటి కుర్ర ఉద్యోగులు మన మొఖం చూస్తరు. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లాను ముక్కలు చేసిన్రు. మనం జయశంకర్ భూపాలపల్లికి పోయినం. కన్నాయిగూడెం కొత్త మండలం అయింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా అయింది. తొమ్మిది మండలాలతోని, గోదారి రెండు ఒడ్లు కలిపి. 1860లో పడ్డ గీత ఈ ముక్క వరకు నూటయాభై తొమ్మిదేళ్ళకు చెరిగింది. ముల్లకట్ట కాడ బ్రిడ్జి కూడా వచ్చింది. మా అవ్వ ఉంటే బస్సులో పుట్టింటికి పోయేది.

జిల్లా రావటం మంచిదే. నేను కాదనను. ఇంతకు ముందు కలెక్టర్‌ను కలవాలంటే వంద కిలోమీటర్లు పోయి, ఒక రోజు కూలి పోగొట్టుకొని, సారు లేడంటే తిరిగి రావాలె. ఇప్పుడు సగం దూరం. ములుగు జిల్లా కోసం ధర్నాలు చేసినోళ్ళలో మనోళ్ళు కూడా ఉన్నరు.

కానీ ఒక మాట. రెవెన్యూ మ్యాపు సర్కారు ఎన్నిసార్లన్నా మారుస్తది, దానికి జీవో చాలు. షెడ్యూల్డ్ ప్రాంతం గీతను మాత్రం జీవోతోని మార్చలేరు. అయిదో షెడ్యూల్ ఆరో పేరా ప్రకారం దాన్ని మార్చే అధికారం రాష్ట్రపతికే. అందుకే ఆ జాబితా ఇంకా అట్లనే ఉంది. తహసీల్ ఆఫీసులో చచ్చిపోయిన ములుగు తాలూకా రాజ్యాంగం ఆర్డర్‌లో బతికే ఉంది. మన 1/70, మన పెసా గ్రామసభ, మన సర్పంచ్ రిజర్వేషన్, అన్నీ ఆ చచ్చిపోయిన తాలూకా పేరు మీదనే నిలబడి ఉన్నయి.

పేరు మీద కొట్లాట

పేరుతోని ఏమైతదో మంగపేటను చూడున్రి. మంగపేట మండలంలో 23 ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నయా లేవా అని ఏండ్లకేండ్లు కోర్టులో కేసు నడిచింది. జాబితాలో ఈ ఊళ్ళ పేర్లు లేవు కాబట్టి ఇది ఏజెన్సీ కాదన్నది గిరిజనేతరుల వాదన. ఇవి పాత పాల్వంచ సంస్థానం ఊళ్ళు, సంస్థానం మొత్తం ఆర్డర్‌లో ఉంది కదా అన్నది మనోళ్ళ వాదన. అంటే మళ్ళీ ఒక లేని సంస్థానం, ఒక లేని తాలూకా. వాటి సరిహద్దు ఎక్కడ అన్నదే కేసు. కోర్టు ఉత్తర్వులతోని ఆ మండలంలో పంచాయతీ ఎన్నికలు ఏండ్ల తరబడి ఆగినయి. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ 23 ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతమే అని తీర్పు ఇచ్చింది.

ఆ కేసులో మన దిక్కు నిలబడినోళ్ళు తుపాకి పట్టలేదు, మైకు పట్టలేదు. పాత కాగితాలు పట్టిన్రు.

మా ఇంటి ముచ్చట ఒకటి చెప్తా. మా మేనమామ చేను ఒకటి పాత రోజుల్లో అప్పు కింద పోయింది. 1/70 కింద పిటిషన్ వేద్దామని పోయినం. ఒక ఆఫీసులో ఒక సారు జాబితా తీసి, మీ ఊరి పేరు ఇందులో లేదు, పోండి అన్నడు. మా మామ సరే సారు అని లేచిండు. నాకు అది గుండెల్లో పొడిచినట్టయింది. డిగ్రీ చదివిన అల్లుడు పక్కనే ఉన్నడు, నోట మాట రాలేదు. నిజంగనే పేరు లేదేమో అనుకున్న.

ఇంటికొచ్చి ఆ ఆర్డర్ తెప్పించుకొని చదివిన. మా ఊరి పేరు ఉంది! అక్షరాలు తారుమారై ఉంది. సారు చూసిన స్పెల్లింగ్ వేరు, ఆర్డర్‌లో స్పెల్లింగ్ వేరు, మా ఊరి బోర్డు మీద స్పెల్లింగ్ వేరు. ఇది మా ఊరే అని రుజువు చేసుడెట్లా? మా తాత ఇనుప పెట్టెలో పాత పహాణీ నకలు ఒకటి దొరికింది. దాని మీద ఊరి పేరు అచ్చం ఆర్డర్‌లో ఉన్నట్టే ఉంది. కింద తాలూకా ములుగు అని ఉంది. ఆ కాగితానికి చెద పట్టి ఒక మూల పోయింది. పేరున్న మూల మిగిలింది. అది మా అదృష్టం అంతే.

రెండోసారి పోయినప్పుడు పిటిషన్ తీసుకున్నరు. కేసు ఇంకా నడుస్తుంది. గెలిచినం అని చెప్పట్లేదు. కానీ మా మామ ఈసారి కుర్చీలో కూసొని మాట్లాడిండు.

ఆ రోజు నాకు అర్థమైంది. మన భూమిని ఎవరో వచ్చి గుంజుకున్నరు అని మనం పాటలు పాడుకుంటం. నిజమే. కానీ ఎన్నో చేన్లు పోయింది ఇట్లా కూడా, "మీ పేరు లేదు పోండి" అంటే "సరే సారు" అని లేచి రావటంతోని.

జాబితా బయట ఉన్నోళ్ళు

ఇక్కడితోని ఆపితే నేను సగమే చెప్పినట్టు. జాబితాలో ఉన్నోళ్ళం మనం. లేనోళ్ళ సంగతి?

కొత్తగూడ, గంగారం దిక్కు మన బంధువులు ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. అందరికీ ఐటీడీఏ మాత్రం ఏటూరునాగారమే. ఐటీడీఏ ఒక్కటి, కలెక్టర్లు వేరు వేరు. ఒక కలెక్టర్ దగ్గర కదిలిన ఫైలు ఇంకో కలెక్టర్ దగ్గర కదలదు. 2016లో జిల్లాలు గీసేటప్పుడు ఆదివాసీ ప్రాంతమంతా కలిపి ఉంచాలని అడిగినం. ఎవరు విన్నరు?

2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్ళను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన్రు. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు, భద్రాచలం, బూర్గంపాడు. భద్రాచలం పట్టణం ఇటే, చుట్టూ ఉన్న ఊళ్ళు అటు. పెసా చట్టం 1996 నుంచే ఉంది. ఏ గ్రామసభను అడిగిన్రు? 1860లో పత్తి ఓడల కోసం గీత గీసిన్రు. 2014లో డ్యాము కోసం గీత గీసిన్రు. రాజు మారిండు, గీత గీసే చెయ్యి అట్లనే ఉంది.

ఇంకో మాట. బస్తర్ నుంచి ప్రాణాలు అరచేతిలో పట్టుకొని వచ్చినోళ్ళు మన అడవుల్లో గుడిసెలు ఏసుకొని ఉన్నరు. గుత్తికోయలు అంటరు వాళ్ళను. ఎవరు వాళ్ళు? ఆ పాత గీతకు అవతల మిగిలిన మనోళ్ళే. అక్కడ షెడ్యూల్డ్ తెగ, ఇక్కడికి వస్తే కుల సర్టిఫికెట్ లేదు. వాళ్ళ గూడేల పేర్లు ఏ జాబితాలోనూ లేవు. పోడు విషయంలో వాళ్ళతోని మనకు పంచాయితీలు ఉన్నయి, నాకు తెలుసు. దాచిపెట్టను. కానీ "మీ పేరు లేదు, పోండి" అనే మాట మనం ఇంకొకరికి చెప్పే ముందు, ఆ మాట మన మామకు చెప్పినప్పుడు ఎట్లా ఉండెనో గుర్తు తెచ్చుకుందాం.

ఉద్యోగాల సంగతి చూడున్రి. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఇరవై ఏండ్లు నడిచిన హక్కు ఒక్క తీర్పుతోని పోయింది. జీవో మీద నిలబడ్డది జీవోతోని పోతది. అందుకే చట్టం కావాలని అడుగుతున్నం. ఒక హక్కు దేని మీద నిలబడి ఉందో తెలుసుకోకపోతే, అది కూలే రోజు దాకా మనకు తెల్వదు.

ఏం చెయ్యాలె?

ఉపన్యాసం విని చప్పట్లు కొట్టి పోవటం వద్దు. నాలుగు పనులు చెప్తా. డబ్బులు పెద్దగా కావు.

ఒకటి. 1950 డిసెంబర్ 7 నాటి ఆర్డర్ సంపాదించున్రి. అందులో మీ ఊరి పేరు వెతకున్రి. పక్కన ఇప్పటి పేరు, మండలం రాసి పంచాయతీ ఆఫీసులో పెట్టున్రి. అవతల ఒడ్డు వాళ్ళు జనవరి 26 ఆర్డర్ చూడాలె.

రెండు. ఇంట్లో ఇనుప పెట్టెలు, చూర్లు, పాత సంచులు వెతకున్రి. పహాణీ, సేత్వార్, పన్ను రశీదు, ఏది దొరికినా పారెయ్యకున్రి. ఫోన్‌లో ఫోటో తీయున్రి, ఇద్దరు ముగ్గురి దగ్గర ఉంచున్రి. చెదకు చట్టం తెల్వదు.

మూడు. పెద్దలను కూసోబెట్టి అడగున్రి. ఊరి పాత పేరు ఏంది, శివారు ఎక్కడిదాకా, ఏ గుట్ట, ఏ వాగు, ఏ వేల్పు జాగ. రికార్డు చెయ్యున్రి. అటవీ హక్కుల చట్టంలో సామూహిక హక్కు అడగాలన్నా, పెసా గ్రామసభలో తీర్మానం రాయాలన్నా అదే ఆధారం. ఆ చట్టం పెద్దల మాటను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటది.

నాలుగు. ఆఫీసుకు ఒంటరిగా పోకున్రి. చదువుకున్నోళ్ళు ఒక్కొక్కరు ఒక్కో పెద్దమనిషి వెంట పోవాలె. "లేదు" అంటే "రాసియ్యండి సారు" అని అడగాలె. నోటి మాటకు అప్పీలు ఉండదు. రాసిచ్చిన దానికి ఉంటది.

అన్నలారా, అక్కలారా, రేపు ఇంకో సర్కారు వస్తది. ఇంకో జిల్లా చేస్తది, పేరు మారుస్తది, మండలం మారుస్తది. మంచిదైతే తీసుకుందాం, చెడ్డదైతే కొట్లాడుదాం. కానీ ఎగువ గోదావరి జిల్లా పోయినా వాజేడు పోలేదు. ములుగు తాలూకా పోయినా మేడారం పోలేదు. జిల్లా సర్కారుది. ఊరు మనది. ఊరి పేరును తప్పుగా రాసింది వాళ్ళు. సరిగ్గా చదవాల్సింది మనం.

మా మామ కేసు వాయిదా వచ్చే నెల ఉంది. ఈసారి వాళ్ళ చిన్న బిడ్డ కూడా వస్తానంటుంది. ఇంటర్ చదువుతుంది. ఆ చెద పట్టిన పహాణీని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తన పుస్తకాల మధ్యన దాచింది. నాకు ఆ బిడ్డ మీద నమ్మకం ఉంది.

మావ నాటె మావ రాజ్!
జల్, జంగల్, జమీన్ మనది!
జోహార్.